దిగుడు పాట

మా రేవులో చేపల పాట పైకి పోదు,
కిందికి దిగుతుంది.
నలభై, ముప్పై తొమ్మిదిన్నర, ముప్పై తొమ్మిది...
ఎవరో ఒకరు ‘నాది’ అనేదాకా
ఊపిరి తీయకుండా దిగాలి.
ఇరవై ఆరేళ్ళు అలా దిగాను నేను,
మాల్పికా రేవులో పాట పెట్టే ఒబ్దూలియాని.

మొన్నటి చలికాలం, ఆక్టోపస్ బుట్ట ముందు
పద్దెనిమిది దగ్గర ఆగిపోయాను.
నాలుక పిడచకట్టి అంగిలిని పట్టుకుంది,
పడవ అడుక్కి పట్టిన నత్తలా.
బయట వాన. పదకొండు రోజులుగా వాన.
గోడలు తడి, రొట్టె తడి, దుప్పటి తడి.
నా నోరొక్కటే పొడి.

ఐసు తోసే మౌరో నీళ్ళు తాగమన్నాడు.
తాగాను. రాతి మీంచి జారినట్టు జారిపోయాయి.
ఆడపడుచు దోరిండా, అరిచి అరిచి అరిగిపోయిందిలే అంది.
నరం లేని నాలుక ఎన్నయినా అంటుందంటారు కదా,
నరమే లేకపోతే ఈ మంట ఎక్కడిది,
మిరపకాయ నమిలి మరిచిపోయినట్టు,
కొసనా అంచుల్లోనూ,
పొద్దుగూకేకొద్దీ ఎక్కువగా?

డాక్టరమ్మ ఇరియా నా మందుల సంచి బల్ల మీద బోర్లించింది.
ఆమె కూడా పైనుంచి కిందికే దిగింది.
రక్తపోటుకి వేసుకునే నీటిమాత్ర, కావచ్చు.
నిద్రకని మింగే పసుపు మాత్ర, ఇంకా కావచ్చు.
మార్చి చూద్దాం, మీ అంతట మీరు మానకండి.
నోరు తెరిచి పడుకుంటారా?
చూసి చెప్పడానికి పక్కన మనిషి లేడన్నాను.
షుగరు లేదు.
ఇనుము కాస్త తక్కువ, ఇంత చేసేంత తక్కువ కాదు.
కట్టుడు పళ్ళు తీయించి చూసింది, కింద తెల్లబూజు లేదు.
పుదీనా టూత్‌పేస్టు మానమంది, మానాను.
వసంతం వచ్చింది. మాత్రలు మారాయి.
బిస్కట్టు ముక్క ఇంకా ఇసుకలాగే తిరుగుతోంది నోట్లో.
ఎవరూ ‘నాది’ అనలేదు.

అప్పుడొక ప్రశ్న, నోటితో సంబంధం లేనిది:
కళ్ళు కూడా మండుతాయా?

సన్నటి కాగితం ముక్క కింది రెప్పకి తగిలించి
అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది.
అలవాటు కదా, మూడు వందల నుంచి కిందికి లెక్కపెట్టాను.
సున్నా దగ్గర తీసి చూపించింది.
కాగితం మీద గీతలు.
మూడో గీత దాకా కూడా తడవలేదు.

మూడేళ్ళ కిందట, కొండ మీది శ్మశానంలో,
ఫ్రొయిలాన్‌ని గోడలోని గూట్లోకి తోస్తుంటే
నేను కంటతడి పెట్టలేదు.
రేవంతా చూసింది. రేవంతా అంది,
చేపలమ్మే గుండె ఐసులోనే ఉంటుందని.
దోరిండా ఏడాది పాటు నా గడప తొక్కలేదు.
నేనూ నమ్మాను.
రాత్రుళ్ళు ఎడమ పక్క చెయ్యి వేసుకుని
రాయివేనా, అని అడిగేదాన్ని.

డాక్టరమ్మ చెబుతూనే ఉంది.
ఒంటి కాపలావాళ్ళే ఒక్కోసారి పొరబడి
సొంత ఊటల మీద పడతారట, నోటి ఊట, కంటి ఊట.
రక్తం చూడాలి, పెదవి లోపల చిన్న ముక్క తీసి చూడాలి.
అదేనని ఇప్పుడే అనలేను, ఏమీ దొరక్కపోవచ్చు కూడా.
నేను సగమే విన్నాను.
ఎన్నాళ్ళుగా ఉండొచ్చిది, అని అడిగాను.
ఏళ్ళుగానే ఉండొచ్చు, అంది
కంప్యూటరులో ఏదో కొట్టుకుంటూ.

పెదవికి రెండు కుట్లు. ఫలితం గురువారం.
పాట ఇప్పుడు మౌరో పెడుతున్నాడు,
తడబడుతూ, అరలు మింగేస్తూ.
నేను ఖాళీ బుట్ట బోర్లించుకుని కూర్చున్నాను,
గుక్కెడు నీళ్ళు, మళ్ళీ గుక్కెడు.

దోరిండా వచ్చి పక్కన నిలబడింది.
డాక్టరేమందని అడిగింది.
కుట్ల నోటితో ఎంతని చెప్పను?
అడిగి తెచ్చుకున్న ఆ కాగితం ముక్క
సంచిలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాను.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
ఇందులో ఏముంది, అంది.

ఏమీ లేదు దోరిండా.
అదే చూడమంటున్నాను.